ఒక్క మనిషికి మూడు బళ్లా!

మనకున్నవి రెండు కాళ్లు, రెండు చేతులు. ఎక్కేది ఒకసారికి ఒక్క బండే. మరి ఒక్క మనిషికి మూడు మోటారుసైకిళ్లు ఎందుకయ్యా అని అడిగితే వెంటనే జవాబు చెప్పడం కష్టమే. అడిగేవాళ్లలో మా ఆవిడ ఉంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుగారున్నారు. మా బంధువుల్లో సగం మంది ఉన్నారు. అడగనివాడు ఒక్కడే... ఏటా మూడు ఇన్సూరెన్సులు కట్టించుకుపోయే ఏజెంటు కుర్రాడు!

మా ఆవిడ బీరువాలో ఎన్ని చీరలున్నాయో నేనెప్పుడూ లెక్క అడగలేదు. అడిగినా ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. పెళ్లికి కట్టుకునే చీర కట్టుకుని వంట చేయలేం కదా అంటుంది. నా జవాబూ దాదాపు అదే. వడ్రంగి సంచిలో ఒక్క ఉలే ఉంటుందా? వంటింట్లో ఒక్క గరిటే ఉంటుందా? పప్పు గరిటెతో దోసె తిరగేయలేం. కానీ బండి అనేసరికి అందరికీ ఒకటి చాలనిపిస్తుంది. ఎందుకంటే చాలామందికి బండి అంటే ఇంటి నుంచి ఆఫీసుకి తీసుకెళ్లే సాధనం. నాకూ సోమవారం నుంచి శనివారం దాకా అంతే. ఆదివారం మాత్రం లెక్క మారిపోతుంది.

ముగ్గురూ మూడు రకాలు

వయసులో పెద్దది ఎజ్డీ రోడ్‌కింగ్. మా నాన్నగారిది. ఆయన సహకార బ్యాంకులో సూపర్‌వైజరుగా చేసేవారు. 1984లో కొన్న ఆ బండి మీద గుడివాడ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవారు. మైసూరులో ఐడియల్ జావా అని ఒక కంపెనీ ఉండేది. చెకోస్లొవేకియా వాళ్ల జావా బళ్లను మన దగ్గర తయారుచేసి, తర్వాత ఎజ్డీ అని సొంత పేరు పెట్టుకుంది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 250 సీసీ టూస్ట్రోక్ ఇంజను. సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఇంకో వింత... గేరు మార్చే రాడ్డునే పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. కొత్తగా చూసినవాళ్లు 'దీనికి కిక్ రాడ్ ఏదండీ?' అని బండి చుట్టూ తిరుగుతుంటే మా నాన్న నవ్వుకునేవారు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో ఎజ్డీ పేర్లు మళ్లీ బజార్లోకొచ్చాయి. కానీ అవి ఫోర్‌స్ట్రోక్ బళ్లు. పేరు అదే, గొంతు వేరు.

రెండోది బుల్లెట్. 1986 మోడల్. నేను 1999లో సెకండ్ హ్యాండులో కొన్నాను. నంబరు ప్లేటు మీద 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాలుంటాయి. జిల్లాకో అంకె వచ్చిన ఏపీ సిరీస్ కంటే ముందుదన్నమాట. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది ఇంగ్లండులో. మన సైన్యానికి కావాల్సిన బుల్లెట్ల కోసం 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీయే మూతపడింది. మద్రాసులో మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఇక్కడ తయారైన బుల్లెట్లే ఓడెక్కి ఇంగ్లండు వెళ్లాయి! నా దానిది పాత రకం ఇనప సిలిండరు. 346 సీసీ. సెల్ఫ్ స్టార్టూ లేదు, డిస్కు బ్రేకూ లేదు.

మూడోది స్ప్లెండర్. 2006లో కొత్తది కొన్నాను. 'ఏపీ 16' నంబరు. అప్పటికి ట్యాంకు మీద హీరో, హోండా రెండు పేర్లూ కలిసే ఉన్నాయి. 97 సీసీ. దీని గురించి చెప్పడానికి పెద్దగా కథ ఉండదు. అదే దాని గొప్పతనం. పెట్రోలు పోస్తే నడుస్తుంది. అంతే!

కాళ్లకు పరీక్ష

ఒకటి కంటే ఎక్కువ బళ్లు ఉన్నవాళ్లకు మాత్రమే తెలిసే సరదా ఒకటుంది. అది బండి మార్చినప్పుడు వస్తుంది.

నా బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మిగతా రెండింటికీ సరిగ్గా తిరకాసు. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకు నొక్కుకుంటూ పోవడమే. బుల్లెట్‌లో మొదటి గేరు కాలి వేళ్లతో పైకి ఎత్తాలి, మిగతావి కిందికి నొక్కాలి. అందుకే బండి మారిన రోజు గేటు దాటేముందు ఒక పని చేస్తాను. న్యూట్రల్లో ఉంచి, ఒకసారి ఎడమకాలు, ఒకసారి కుడికాలు కదిపి చూసుకుంటాను. సంగీత కచేరీకి ముందు తంబూర శ్రుతి చేసుకున్నట్టు! రెండు నిమిషాల్లో కాళ్లకు గుర్తొచ్చేస్తుంది. ఆ తర్వాత బెంజి సర్కిల్ రద్దీలో కూడా ఆలోచించే పని ఉండదు.

మా బావమరిది ఒకసారి ఈ పాఠం వినకుండానే బుల్లెట్ తీసుకెళ్లాడు. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడుతోంది. బ్రేకు అనుకుని కుడికాలితో గట్టిగా నొక్కాడు. గేరు మారింది. బండి ఆగలేదు. ముందున్న గడ్డి బండి ఆపింది! మనిషికి ఏం కాలేదు గానీ చొక్కా నిండా గడ్డి పరకలతో ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి స్ప్లెండర్ తాళాలే అడుగుతాడు.

స్టార్ట్ చేయడం కూడా మూడింటికీ మూడు పద్ధతులు. స్ప్లెండర్‌ని చంటిపిల్ల అయినా స్టార్ట్ చేయగలదు. ఎజ్డీకి చోక్ వేసి రెండు కిక్కులు ఉత్తుత్తివి, మూడోది అసలుది. బుల్లెట్‌తో మాత్రం బలం పనికిరాదు. తాళం తిప్పాక కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ హెడ్‌లైటు దగ్గరున్న యాంపియర్ మీటరు చూడాలి. ముల్లు మధ్యకు రాగానే పిస్టన్ పైకొచ్చినట్టు లెక్క. అప్పుడు హ్యాండిల్ మీద ఉన్న డీకంప్రెసర్ లివరు పట్టుకుని రాడ్డును ఇంకాస్త కిందికి దించాలి. లివరు వదిలేసి, కిక్‌ని పైదాకా రానిచ్చి, ఒక్క నిండు తొక్కుడు! 'డుగ్... డుగ్... డుగ్' మంటుంది. ఈ వరస తప్పించి మొండిగా కొడితే బుల్లెట్ తిరిగి తంతుంది. చీలమండ వాచిపోయినవాళ్లు మా పేటలోనే ఇద్దరున్నారు.

మూడు బళ్లు ఉండటంలో ఆనందం నాకు ఇక్కడే దొరుకుతుంది. మూడు ఇంజన్ల మాటేమోగానీ, మూడు రకాల మనుషులతో మాట్లాడినట్టుంటుంది. ఒకరితో మాట్లాడినట్టు ఇంకొకరితో మాట్లాడితే కుదరదు.

ఏ దారికి ఏ బండి

వన్ టౌన్ వెళ్లాలంటే స్ప్లెండరే. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర సందుల్లో బుల్లెట్ వేసుకుని తిరిగేవాడికి ఓపికైనా ఉండాలి, పనైనా లేకపోవాలి. స్ప్లెండర్ అయితే కూరగాయల సంచి హ్యాండిల్‌కి, బియ్యం బస్తా వెనక సీటు మీద... ఎక్కడ ఆపినా ఎవడూ తిరిగి చూడడు. దొంగ కూడా చూడడేమో అని నా నమ్మకం.

చలికాలం ఆదివారం తెల్లవారుజామున మాత్రం బుల్లెట్ బయటికొస్తుంది. ప్రకాశం బ్యారేజి దాటి, ఉండవల్లి మీదుగా అమరావతి దాకా. సుమారు ముప్ఫై అయిదు కిలోమీటర్లు. గంటకు యాభై దాటను. దాటాల్సిన అవసరమే అనిపించదు. ఆ ఇంజనులో పిస్టను అడ్డం డెబ్భై మిల్లీమీటర్లయితే, కిందికీ పైకీ నడిచే దూరం తొంభై. పొడుగు అడుగులేసే మనిషి నడక లాంటిదది. తొందరపడదు, అలసిపోదు. నాలుగో గేర్లో వేసి వదిలేస్తే మంచులో అరటితోటలు, పూల తోటలు వాటంతటవే వెనక్కి పోతుంటాయి. అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, గుడి బయట ఇడ్లీ తిని, ఎండెక్కేలోపు ఇంటికి.

ఎజ్డీ మా ఊరికి. కంకిపాడు దగ్గర గుడివాడ రోడ్డుకి తిరిగాక అది కాస్త హుషారెక్కుతుంది. టూస్ట్రోక్ బండిలో పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. నేను లీటరుకు నలభై మిల్లీలీటర్లు పోస్తాను. ఆ కాలిన నూనె వాసన కొందరికి దగ్గు తెప్పిస్తుంది. నాకు మాత్రం మా నాన్న చొక్కా గుర్తొస్తుంది. ఈ బండికి ఒక గుణం ఉంది. ఎక్సలేటర్ వదిలేసి ఎక్కువ దూరం దొర్లిస్తే పెట్రోలుతో పాటు ఆయిలు కూడా ఇంజనుకి అందదు. పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. అందుకే పొడవైన దిగుడులో కూడా మధ్యమధ్య కాస్త ఎక్సలేటర్ ఇస్తుండాలి. ఇంజను ఆపేసి పెట్రోలు మిగుల్చుకుందామనుకునే పిసినారికి ఇది పనికిరాదు.

ఇలా చెబితే 'అయితే స్ప్లెండర్ పనికి, మిగతా రెండూ షోకుకీ' అంటారు మిత్రులు. నాకలా అనిపించదు. బుల్లెట్ మీద నెమ్మదిగా వెళ్లొచ్చిన వారం స్ప్లెండర్ మీద కూడా నెమ్మదిగానే వెళతాను. వారం పొడుగునా స్ప్లెండర్ నడిపి ఎజ్డీ ఎక్కితే, నలభై ఏళ్ల కిందటి బ్రేకులతో మా నాన్న ఎంత జాగ్రత్తగా నడిపేవారో తెలిసొస్తుంది. ఒక బండి నేర్పింది ఇంకో బండి మీద పనికొస్తుంది.

ఆదివారం డ్యూటీ

ఇంతవరకూ విని 'నేనూ ఇంకోటి కొంటా' అనుకునేవాళ్లకు రెండో వైపు కూడా చెప్పాలి.

మూడు బళ్లంటే మూడు ఇన్సూరెన్సులు, మూడు పొల్యూషన్ సర్టిఫికెట్లు, మూడు బ్యాటరీలు, ఆరు టైర్లు. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు అయిపోతుంది. ఆపైన అయిదేళ్లకోసారి రవాణా శాఖ ఆఫీసుకి తీసుకెళ్లి చూపించి, గ్రీన్ ట్యాక్సు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. పాత బండి అంటే చవక అనుకోవద్దు. బండి చవకే, కాగితాలు ఖరీదు.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది టైము. నడవని బండి నడిచే బండి కంటే త్వరగా పాడవుతుంది. నెలరోజులు నిలబెడితే కార్బరేటర్లో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. టైరు నేలకు ఆనిన చోటే నొక్కుకుపోతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల తుప్పు. అందుకే ఆదివారం పొద్దున గంటన్నర నా డ్యూటీ. ఒకదాన్ని తిప్పి తేవాలి. ఇంకోదానికి చైను బిగువు చూసి నూనె వేయాలి. మూడోదాన్ని కనీసం స్టార్ట్ చేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. వారంవారం వంతులు మారుతుంటాయి. గోడ మీద క్యాలెండర్లో పాలవాడి లెక్క పక్కనే నా బళ్ల లెక్క. 'బు' అంటే బుల్లెట్, 'ఎ' అంటే ఎజ్డీ. మా ఆవిడ అప్పుడప్పుడూ ఆ క్యాలెండర్ చూసి 'నా పేరు ఏ తారీఖున ఉందండీ?' అంటుంటుంది.

సామాన్ల వేట ఇంకో సరదా. స్ప్లెండర్ సామాను కిరాణా కొట్లో తప్ప అన్నిచోట్లా దొరుకుతుంది. ఎజ్డీకి అలా కాదు. ఒక రబ్బరు వాషరు కోసం బెజవాడలో పాత కొట్లన్నీ తిరిగి, చివరికి మైసూరు నుంచి పార్శిల్ తెప్పించుకున్నాను. పాత బండి ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు చుట్టాలే. నా దగ్గర రెండు హెడ్‌లైటు రింగులుంటే ఒకటి తణుకు వెళుతుంది, అక్కడి నుంచి క్లచ్ ప్లేట్లు ఇటొస్తాయి. డబ్బు ప్రసక్తి చాలాసార్లు రాదు.

మా మెకానిక్ భాయ్ ఒక మాటంటాడు. 'గురువుగారూ, బండి కొనేవాళ్లు ట్యాంకు చూస్తారు. మీరు ఖాళీ ఆదివారాలు చూసుకుని కొనండి' అని. ఆయన మాట విన్నాక నాలుగో బండి కోరిక అక్కడితో ఆగిపోయింది. ఆర్ఎక్స్ 100 ఒకటి మంచిది బేరానికి వచ్చినా వదిలేశాను. నాకున్నవి నెలకు నాలుగు ఆదివారాలే. అందులో ఒకటి పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోతుంది.

నీళ్లొచ్చిన రోజు

2024 సెప్టెంబరు 1... అదీ ఆదివారమే. ముందురోజంతా ఎడతెరిపి లేని వాన. మాది అజిత్‌సింగ్ నగర్. పొద్దున్నే వాచ్‌మన్ కేకలకు లేచి చూస్తే బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చేశాయి. కిందికి దిగేసరికి పార్కింగులో చక్రాలు సగం మునిగాయి. నీళ్లు నిలబడలేదు, పెరుగుతున్నాయి.

వాచ్‌మన్, నేను, పై వాటాలోని ఇద్దరు కుర్రాళ్లు. మొత్తం నలుగురం. మెట్ల మీదుగా మొదటి అంతస్తు దాకా ఒక బండిని ఎత్తుకెళ్లగలం. రెండోదానికి టైముండదని అందరికీ తెలుస్తూనే ఉంది. 'ఏది సార్?' అన్నాడు వాచ్‌మన్.

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. మూడింటిలో నీకు ఏది ఇష్టం అని అడిగినవాళ్లున్నారు, నవ్వి ఊరుకునేవాణ్ని. ఇక్కడ ఊరుకోవడానికి లేదు. రేపు పనికొచ్చేది స్ప్లెండర్. తేలిక కూడా. ఖరీదు చూస్తే బుల్లెట్. కానీ దాని బరువుకి మెట్ల మలుపు దగ్గర తిప్పలేం. నేనింకా లెక్కలేసుకుంటుండగానే పైనుంచి మా ఆవిడ అరిచింది... 'మామయ్యగారి బండి ఎక్కించండి ముందు!' అని. చోటు తినేస్తోందని పదేళ్లుగా ఆ బండిని తిట్టిన మనిషి!

ఎజ్డీని ఎత్తాం. మెట్లకు రెండు సైలెన్సర్లూ తగిలి సొట్టలు పడ్డాయి. అది మొదటి అంతస్తు చేరేసరికి కింద స్ప్లెండర్ హ్యాండిల్ మాత్రమే కనిపిస్తోంది. బుల్లెట్ గోడ పక్కన ఉండటంతో అదీ కనిపించలేదు.

తర్వాతి రోజులు పేపర్లలో అందరూ చదివినవే. కరెంటు లేదు, తాగేందుకు నీళ్లు లేవు. పడవల మీద, హెలికాప్టర్ల మీద పాలూ బ్రెడ్డూ వచ్చాయి. మా వీధిలో నీళ్లు చీలమండల దాకా తగ్గిన రోజున ఎజ్డీని కిందికి దించాం. మూడో కిక్కుకి స్టార్టయింది. ఆ వారం మా అపార్ట్‌మెంట్ మొత్తానికి నడిచే బండి అదొక్కటే! నీళ్ల క్యాన్లు, కొవ్వొత్తులు, చంటిపిల్లల పాలడబ్బాలు, రెండో అంతస్తు పెద్దాయనకు షుగరు మందులు... అన్నీ దాని మీదే వచ్చాయి. నీళ్లలో వెళ్లేటప్పుడు మొదటి గేర్లోనే, ఎక్సలేటర్ వదలకుండా, ఆగకుండా వెళ్లాలి. ఆగితే సైలెన్సర్లలోకి నీళ్లెక్కుతాయి. పొగ వస్తోందని నాకు రెండుసార్లు నోటీసిచ్చిన ప్రెసిడెంటుగారు ఆ వారం దాని వెనక సీటు మీద కూర్చుని మందుల షాపుకొచ్చారు. పొగ గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మునిగిన బండిని ఏం చేయాలి?

నీళ్లు పూర్తిగా తీశాక మిగతా రెండూ బయటపడ్డాయి. ట్యాంకు మీద అంగుళం మందాన బురద. ఊళ్లో ప్రతి మెకానిక్ షెడ్డు ముందూ మునిగిన బళ్ల వరసలే. పాత ఇనుము వ్యాపారి ఒకాయన వీధివీధీ తిరుగుతూ మా దగ్గరా ఆగాడు. బుల్లెట్‌ని చూసి ఒక రేటు చెప్పాడు. పాత బండి కదా, దానికున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే తప్ప వరదలో పాడైన మన బండికి పైసా ఇవ్వదు. ఇల్లు శుభ్రం చేయించుకోవాలి, ఫ్రిజ్జు పోయింది, మంచాలు పోయాయి. ఆ డబ్బు ఆ రోజు చిన్నదేం కాదు. రెండు రోజులు గడువడిగాను.

భాయ్ వచ్చి చూశాడు. మొదట ఒకటే మాట చెప్పాడు... 'కిక్ మాత్రం కొట్టకండి.' ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ప్లగ్గు విప్పి, ఆ తర్వాత మెల్లగా తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఇంజన్ ఆయిలు తీస్తే పాలు పోసిన టీ రంగులో వచ్చిందనుకోండి, లోపలికి నీళ్లు చేరినట్టే. చవక ఆయిలు పోయడం, కాసేపు నడిపి తీసేయడం... రంగు తేటపడేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయాలి. పెట్రోలు ట్యాంకు, కార్బరేటర్, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు డ్రమ్ములు, చక్రాల బేరింగులు అన్నీ విప్పి కడగాలి. ఆలస్యమైన కొద్దీ తుప్పు లోపలికి వెళుతుంది.

స్ప్లెండర్ పది రోజుల్లో లేచి కూర్చుంది. ఆఫీసుకి బండి దొరికింది. బుల్లెట్‌కి రెండున్నర నెలలు పట్టింది. పాత బుల్లెట్‌లో ఇంజనుకో ఆయిలు, గేరుబాక్సుకో ఆయిలు, చైన్ కేసుకో ఆయిలు. మూడు చోట్లా బురదే. పాయింట్లు, కండెన్సరు, వైరింగు మొత్తం మార్చాల్సి వచ్చింది. డబ్బు ఒక్కసారి పెట్టలేక నెలకింత అని భాయ్ దగ్గర ఖాతా పెట్టుకున్నాను. ఇనుము వ్యాపారి గడువు ముగిసిన రోజు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి బుల్లెట్ ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంది. చూసి, ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఎన్ని ఉండాలి?

ఆ మూడు నెలల తర్వాత 'వీటిలో ఏది ముఖ్యమైనది?' అనే ప్రశ్న నా దగ్గర నిలవడం లేదు. ఒక వారం ఎజ్డీ ముఖ్యం, ఒక వారం స్ప్లెండర్ ముఖ్యం. పనికిరాదనుకున్నది పనికొచ్చే రోజు ఏదో ముందుగా తెలియదు. అయితే ఒక్క షరతు... ఆ రోజు కిక్ కొడితే అది స్టార్ట్ కావాలి. గుడ్డ కప్పి పదేళ్లు దాచుకున్న బండి అయితే ఆ వారం నీళ్ల క్యాన్లు తెచ్చేది కాదు.

కాబట్టి రెండోదో మూడోదో కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పార్కింగు చోటు చూసుకోండి, కాగితాలు చూసుకోండి, సామాను దొరికే మెకానిక్‌ని చూసుకోండి. అన్నిటికంటే ముందు ఎన్నింటిని నడిచే స్థితిలో ఉంచగలరో లెక్కేసుకోండి. అంతకు మించి ఉన్నది బండి కాదు, చోటు తినే ఇనుము. అంతకు తక్కువైతే మాత్రం... మీ ఇష్టం!

నా లెక్క కూడా ఎప్పుడూ ఇలాగే ఉండదని తెలుసు. యాభై ఆరు వచ్చింది. బుల్లెట్ కిక్కు కొట్టిన రోజు సాయంత్రం కుడి మోకాలు గుర్తుచేస్తోంది. అందుకని ఒక వంతు మా అమ్మాయికి అప్పగించాను. ఇంజనీరింగ్ అయి ఉద్యోగంలో చేరింది. ఎజ్డీ తనకి బాగా కుదిరింది. గేరు రాడ్డును కిక్ రాడ్డుగా తిప్పడం రెండు రోజుల్లో నేర్చుకుంది. ఆయిలు కొలిచి పోయడం ఇంకా నేర్చుకుంటోంది.

మొన్న సంక్రాంతికి ముందు తనొక్కతే దాని మీద మా ఊరెళ్లింది. మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోందట. బండి చప్పుడు చెరువు గట్టు దగ్గర ఉండగానే లేచి గేటు తీసిందట. మనవరాలు దిగి హెల్మెట్ తీసేలోపు బండి వెనక్కి వెళ్లి సైలెన్సర్ల వంక చూసి అందట... 'పొగ ఎక్కువొస్తోందే. ఆయిలు కాస్త తగ్గించమని చెప్పు మీ నాన్నకి.'

తగ్గించాం. ఇప్పుడు బాగా నడుస్తోంది.